ఆడవాళ్ళ లైసెన్సు తీర్మానం

మొన్న వనపర్తి బస్టాండు గోడ మీద హమాలీ సంఘం మహాసభ పోస్టరు కనిపించింది. అతికించి ఎంతోసేపు అయినట్టు లేదు, అప్పుడే ఒక మేక దాని అంచు పీకుతోంది. చర్చించబోయే అంశాల్లో చిట్టచివర "మహిళా కూలీల సంక్షేమం" అని ఉంది. అది చదువుతూ నిలబడి, ఎక్కాల్సిన గోపాల్‌పేట బస్సును వదిలేసుకున్నాను. మా మేనత్త గుర్తొచ్చింది.

అత్త మార్కెట్ యార్డులో చాటకూలీ. రైతులు తెచ్చి పోసిన పల్లికాయ రాశిని మగ హమాలీలు కాంటా పెట్టి సంచులకెత్తేముందు, దాన్ని చెరిగి మట్టీ రాళ్ళూ తీసేది ఆడవాళ్ళే. సాయంత్రానికి కనురెప్పల మీద కూడా ఎర్రటి దుమ్ము ఉండేది. అత్త మా ఇంటికొస్తే అమ్మ ముందు కొంగుతో ఆమెను దులిపి, ఆ తర్వాతే పలకరించేది. మా నాన్న అదే యార్డులో హమాలీ, సంఘానికి అధ్యక్షుడు కూడా. సంఘం చందా ఆడా మగా అందరూ కట్టేవాళ్ళు. మార్కెట్ కమిటీ ఇచ్చే లైసెన్సు మాత్రం మగవాళ్ళకే. అది ఉంటేనే దెబ్బ తగిలినప్పుడు దవాఖాన ఖర్చు వస్తుంది. అత్తకు జతగా చెరిగే ఒక ముస్లిం ఆమె ఉండేది, మేమంతా ఖాలా అనేవాళ్ళం. ఒక ఎండాకాలం సంచుల దొంతర జారి ఖాలా పాదం నలిగిపోయింది. ఆమెకు లైసెన్సు లేదు గనుక ఆ రోజు ఆమె యార్డులో లేనట్టే లెక్క అన్నారు కమిటీవాళ్ళు.

ఆ ఏటి మహాసభ నాగర్‌కర్నూల్‌లో ఒక ఫంక్షన్ హాల్లో జరిగింది. ముందురోజు పెళ్ళి తాలూకు కుర్చీలు వేదిక మీద అలాగే ఉన్నాయి. నాన్న పెళ్ళికొడుకు సింహాసనం అంచున, ఎవరో లేపేస్తారన్నట్టు కూర్చున్నాడు. నేను ఆడవాళ్ళతో వెనక వరుసలో ఉన్నాను. పొద్దంతా సంచి మోసే కూలి రేటు మీదే చర్చ. అలంపూర్ నుంచి వచ్చిన ఒక పెద్దాయన రేటుతో మొదలుపెట్టి తుంగభద్ర వరద దాకా వెళ్ళి, మళ్ళీ రేటు దగ్గరకు రావడానికి దారి తెలియక కూర్చున్నాడు. వంటల వాసన హాల్లోకి వస్తుండగా అత్త లేచింది.

"అన్నా, ఆడోళ్లకు గూడ లైసెన్సు ఇప్పియ్యాలె. గీ ముక్క ముందుగాల రాయుండ్రి."

నాన్న గొంతు సవరించుకున్నాడు. "సభల అన్న అనొద్దమ్మా. అధ్యక్షా అనాలె."

అందరూ నవ్వారు. అత్త నవ్వలేదు. "అధ్యక్షా, ఖాలా కుంటుకుంట నడుస్తున్నది. రేపు నా కాలు పోతే నీ ఇంటికే వస్త. గది గూడ రాసుకో."

గద్వాల నుంచి వచ్చిన ఒకాయన లేచాడు. చెడ్డవాడేం కాదు, పొద్దున ఖాలాకు కుర్చీ తెచ్చి వేసింది ఆయనే. "అక్క చెప్పింది న్యాయమే. గని కమిటోళ్లు ఇచ్చేదే కొన్ని లైసెన్సులు. గవి ఆడోళ్లకు పోతే మా పిల్లగాండ్లు ఏం గావాలె?" అన్నాడు. అదీ అసలు సంగతి. అప్పటిదాకా అత్త మాటకు ఊగిన తలలు ఆగిపోయాయి. నాన్న అత్త వైపు చూడకుండా, "కాదంటలేను చెల్లె. ఈసారి రేటుకు కొట్లాడుదాం. మల్లసారికి లైసెన్సు" అన్నాడు. వాయిదాకు ఒప్పుకునేవాళ్ళు చేతులెత్తమన్నారు. అధ్యక్షుడు ఎత్తనవసరం లేదు. మా నాన్న ఎత్తాడు. తిరిగొచ్చేటప్పుడు డీసీఎం వ్యానులో అత్త ఖాలా పక్కన కూర్చుంది. ఖాలాయే ఆమె మోకాలి మీద చెయ్యేసి, "పోనీ తియ్యి, పప్పు మంచిగుండె" అంది.

రేటు కొంచెం పెరిగింది. మరుసటి పల్లికాయ పంటకు యార్డులో శుభ్రం చేసే యంత్రాలు దిగాయి. ఆడవాళ్ళను రావద్దన్నారు. లైసెన్సు ఉండి ఉంటే కమిటీ ఇంకో పని చూపించాల్సి వచ్చేదని నాన్నే ఒకసారి అమ్మతో మెల్లగా అనడం విన్నాను. ఖాలా కూతురింటికి వెళ్ళి అక్కడే పోయింది. మాకు తెలిసేసరికి నలభయ్యో రోజు ఫాతిహా ప్రార్థన కూడా అయిపోయింది. అత్త గద్వాల వైపు విత్తనాల కోసం పత్తి పండించే సీడు చేలల్లో కూలికి కుదిరింది.

తర్వాతి మహాసభలో ఆడవాళ్ళ లైసెన్సు తీర్మానం అన్నిటికంటే ముందు పెట్టారు. ఒక్కరూ కాదనలేదు, చప్పట్లు కూడా కొట్టారట. హాల్లో ఒక్క ఆడమనిషి లేదు. ఆ కబురు నాన్న తానే చెప్తానని బయల్దేరితే నేనూ వెంట వెళ్ళాను. అత్త అప్పుడే చేను నుంచి వచ్చి కాళ్ళు కడుక్కుంటోంది.

"తీర్మానం అయింది చెల్లె. అందరు ఒప్పుకున్నరు."

"ఎవలికిస్తరన్నా?" అంది అత్త. ఎత్తిపొడుపు కాదు. నిజంగానే తెలియక అడిగింది. అత్త ఇంకోసారి అడగలేదు, లోపలికెళ్ళి జొన్నరొట్టె, పచ్చిపులుసు తెచ్చింది. వద్దంటే అత్తకు అవమానం అవుతుందని నాన్న మొత్తం తిన్నాడు. ఆ పైయేడు సంఘం వదిలేశాడు. ఎందుకని ఎవరడిగినా నడుం నొప్పి అని చెప్పేవాడు.

ఆ హాల్లో చేతులెత్తిన వాళ్ళెవరూ అత్తకు శత్రువులు కారు. ఈ ఏడు కాకపోతే పైయేడు అనుకున్నారు, అంతే. మనం పక్కన పెట్టిన పనిని కాలం చెడిపోకుండా దాచి ఉంచుతుందని మేమందరం నమ్మాం.