వేపమొద్దు లోపల

ఆ రోజుల్ల నేను జగిత్యాల పశువుల దవాఖానల కాంపౌండర్ని. పొద్దంత సైకిల్ మీద ఊర్లు తిరుగుడు, ఎడ్లకు సూదులు వేసుడు, బర్లకు మందు తాగిపిచ్చుడు. పొద్దుగూకకముందే ఇల్లు చేరేది. గట్ల చేరాలెనని ఎవలు చెప్పలే. కని ఆరు కొట్టేసరికి మా బజారు బజారంత తలుపులు పెట్టుకునేది. ఊర్లల్ల నక్సలైట్లకు, అదే మేం అన్నలనేటోళ్లకు నేను తెలుసు, రోడ్డు మీద పోలీసులకు నేను తెలుసు. ఇద్దరూ ఒక్కటే అడిగేది, "తొవ్వల ఎవల్ని చూసినవ్?" అని. నా దగ్గర గూడ ఒక్కటే జవాబు ఉండేది. ఆళ్లకు "బర్లను చూసిన అన్నా", ఈళ్లకు "బర్లను చూసిన సారూ".

గట్ల తలుపులు పెట్టుకున్న ఇంట్ల ఏం జెయ్యాలె? నాకు చెక్క చెక్కుడు అలవాటైంది.

అది నేర్పింది మా అత్తగారి ఊరు సిరిసిల్లల ఒక తాత. మగ్గాలు నడిచిన రోజుల్ల ఆయన పని కండె పుల్లలు చేసుడు, నూలు చుట్టుకునే పుల్లలన్నమాట. ఇంటింటికి మగ్గం ఉన్నప్పుడు ఆయనకు చేతినిండ పని. పవర్‌లూములు వచ్చి ప్లాస్టిక్ కండెలు పడ్డంక ఆయన లేత్ మిషన్ మూలకు వడ్డది. పాతోళ్లు దాన్ని ఖరాదు అనేది. ఆయన తాత కాలంల కరెంటు లేదు. ఒకలు తాడు గుంజుతుంటె చెక్క అటింత ఇటింత తిరిగేది, ఇంకొకలు కింద కూసోని కాలివేళ్లతోటి ఉలిని అదుముకునేది. పసిపిల్లల తొట్టెల కోళ్లు, మంచం కోళ్లు, బొంగరాలు, పసుపు కుంకుమ బరిణెలు అన్ని గట్లనే అయ్యేటియి. తిరుగుతున్న చెక్కకు లక్క కడ్డీ ఆనిస్తె ఆ రాపిడి వేడికి రంగు కరిగి పట్టుకునేదట.

ఊసుపోక ఆయన దాన్ని అప్పుడప్పుడు నడిపిస్తుంటె నేను అరుగు మీద కూసోని చూసి చూసి, ఆఖరికి ఒక పాత లూము మోటరు సంపాదించి మా ఇంటెనుక రేకుల కింద చిన్న లేతు పెట్టుకున్న. ఆ సంబురం ఎట్ల చెప్పాలె? తిరిగే చెక్కకు ఉలి ఆనియ్యంగనే పొట్టు రిబ్బన్ లెక్క లేచి చెయ్యి మీదికెల్లి భుజం మీద పడ్తది. టేకుకు ఒక వాసన, చింతకు ఒక వాసన. గరుకు మొద్దు కండ్ల ముందట నున్నగ, గుండ్రంగ అయితుంటె మనసుల ఇంకో మాట ఉండది. అప్పటిదాక చెవులు తలుపు దిక్కే ఉంటుండె. మిషన్ నడిచినంతసేపు తలుపే యాది లేదు.

ఆ చప్పుడు మాత్రం బయటికి పోయింది. ఒకనాడు పొద్దున ఎస్సై ఇద్దరు పోలీసులతోటి వచ్చి రేకుల కింద నిలవడ్డడు.

"ఏం మిషనయ్య ఇది? తుపాకులు జేస్తున్నవా?"

నేను బొంగరాలు చూపెట్టిన, బరిణెలు చూపెట్టిన. ఆయన ఒక చపాతీ కర్ర చేతిల పట్టుకోని తిప్పి చూసి, నవ్వి, అది పట్టుకోనే పోయిండు. నాలుగు రోజులకు మల్యాల దిక్కు ఒక ఊర్లె బర్రెకు సూది వేస్తున్న. ఎనుకకెల్లి ఎవలో మెల్లగ, "ఎస్సైకి చపాతీ కర్ర నచ్చిందా సారూ?" అన్నరు. మళ్లి చూస్తె ముగ్గురు నలుగురు రైతులు గంతే. ఎవలి నోరు మెదిలినట్టు లేదు.

ఆ దిక్కే ఒక రైతు ఉండె. ఆయన ఎద్దుకు కాలు వాస్తె నేనే నయం చేసిన. ఒకసారి పోయేసరికి ఆయన బాయికాడి వేపచెట్టు కొట్టేసి ఉన్నది, మొద్దులు కుప్ప వేసి ఉన్నయి.

"నీకు కట్టెల పిచ్చి అంటరు గద సారూ. గీ మొద్దు తీస్కపో" అన్నడు.

"పొయ్యిల వెట్టుకోకపోతివి?"

"మా ఆడామె పొయ్యిల వెట్టనిస్తలేదు."

గా మాట అనుకుంట ఆయన నా దిక్కు చూడలే. అప్పుడు నేను పట్టించుకోలే. మూరెడు మొద్దు సైకిల్ క్యారియర్‌కు కట్టుకోని తెచ్చి, నాలుగు నెలలు నీడకు ఆరపెట్టిన.

ఒక ఆదివారం పొద్దున దాన్ని లేతుకు ఎక్కిచ్చిన. వేప చేదు వాసన ఇల్లంత నిండింది. పైపొర పోయినంక తెల్లటి చెక్కల నల్లటి మచ్చ ఒకటి కనవడ్డది, కన్నుకు కాటుక పెట్టినట్టు. చెక్క తిరుగుతుంటె ఆ మచ్చ గీత లెక్క సాగింది. చెట్టు రోగమేమో అనుకోని ఉలి ఇంకింత లోపలికి నొక్కిన. ఠంగ్‌మన్నది. ఉలి మొన విరిగి ఎగిరి రేకుకు తాకింది.

స్విచ్ ఆపిన. మొద్దు ఎంటనే ఆగలే. అటింత ఇటింత ఊగి ఊగి నా ఛాతికి ఎదురుంగ నిలవడ్డది. ఒక మచ్చ కాదు, మూడు ఉన్నయి. ఒక దాని పక్కన ఒకటి, రెండేసి వేళ్ల ఎడం. రైతులు బర్రెను కట్టేటందుకు కొట్టిన మేకులనుకోని సూదితోటి గెలికిన. ఎర్రగ, రాగి రంగుల, మొన వంగిపోయిన తూటా కనవడ్డది.

మా ఇంటామె చాయ్ పట్టుకోని వచ్చి చూసింది. కప్పు కింద పెట్టి, "ఏమయ్యా, దీన్ని ఇంట్లకెల్లి తీసెయ్యి" అన్నది.

ఎటు తీసేస్త? మూట కట్టుకోని సిరిసిల్ల బస్సెక్కిన. తాతకు కండ్లు సరిగ్గ ఆనవు. వేళ్లతోటి తడిమి, "పైన బొటనవేలి మందం చెక్క పెరిగింది. నాలుగేండ్లన్న అయ్యుంటది" అన్నడు. ఇంకింతసేపు తడుముకుంట కూసోని, "నాకు గూడ ఒకసారి దొరికింది. రజాకార్ల కాలంది, చింతమొద్దుల. తెల్వక దాంతోటి తొట్టెల కోళ్లు చేసిచ్చిన" అన్నడు.

"ఏమైంది మరి?"

"ఏం కాలే. పిల్ల మంచిగనే పెరిగింది. కని ఆ తొట్టెల వేసినన్ని దినాలు ఏడ్వనే ఏడ్వలేదట. కండ్లు తెరిచి పైకి చూసుకుంట ఉండేదట."

మళ్ల సోమవారం రైతు దగ్గరికి పోయిన. ఆయన నన్ను చూడంగనే ఎందుకొచ్చిన్నో అర్థం చేసుకున్నడు. కొట్టేసిన చెట్టు మొదలు కాడికి తోలుకపోయి, నన్ను దాని పక్కన నిలవెట్టి, చేతికర్రను నా రొమ్ము మీద మెల్లగ ఆనిచ్చిండు.

"గీడికి ఉండె గుర్తులు. ఎవలు నిలవెట్టిండ్రో, ఎవల్ని నిలవెట్టిండ్రో నేను చూడలే సారూ. అన్నలో, పోలీసులో గది గూడ తెల్వదు. నేను తలుపు పెట్టుకున్న. తెల్లారి వస్తె ఒక్క చెప్పు ఉండె. మనిషి లేడు. ఆనాటికెల్లి మేకలు ఈ నీడకు పండుకోలే."

"మరి ఇన్నేండ్లకు ఎందుకు కొట్టేసినవ్?"

"ఆ చెప్పు ముచ్చట ఇని ఒక ముసలామె వస్తున్నది. నెలకోసారి వచ్చి చెట్టుకు వీపు ఆనిచ్చి నిలవడ్తది. మా ఆడామె అది చూడలేకపోయింది."

చెట్టు పోయినంక గూడ ఆ ముసలామె వచ్చిందట. ఉట్టి గాలికి వీపు పెట్టి గట్లనే నిలవడ్డదట. రైతు భయపడి, మొద్దు నా దగ్గర ఉన్నదని చెప్పిండు.

వారం తిరగకముందే ఆమె మా ఇంటికి వచ్చింది. కోరుట్ల పక్క ఊరు ఆమెది. సన్నటి మనిషి, తెల్లచీర, చేతిల గుడ్డసంచి. కొడుకు జగిత్యాల కాలేజికి పోతున్నని బస్సెక్కిండు, మళ్ల రాలేదు. అన్నలల్ల కలిసిండని కొందరు, అన్నలే తీస్కపోయిండ్రని కొందరు, పోలీసులు పట్టుకున్నరని ఇంకొందరు చెప్పిండ్రట. సగం చెక్కిన మొద్దును ఒళ్లె పెట్టుకోని, ఒక తూటా గుంతల చిటికెన వేలు పెట్టింది.

"ఎంత ఎత్తుల ఉండె కొడుకా?"

"నా రొమ్ము కాడికి అవ్వా."

నన్ను కింది నుంచి మీదికి చూసింది. "నా కొడుకు పొట్టోడు. నీ భుజం కాడికి వస్తడు. వానికైతె మొఖానికి తాకాలె. మొఖం మీద ఎవలన్న కొడ్తరా? వీడు నా కొడుకు కాదు" అన్నది. మొద్దు కింద పెట్టి, మా ఇంటామె ఇచ్చిన చాయ్ తాగి, తేలికయిన మనిషి లెక్క పోయింది. నాక్కూడ పానం నిమ్మళమైంది.

ఎనిమిది రోజులకు మళ్ల వచ్చింది. వాకిట్లనే నిలవడి చెప్పింది.

"ఆడ చెట్టు మొదట్ల ఒక బండ ఉన్నది కొడుకా. నేను పోయి ఎక్కి చూసిన. బండ మీద నిలవడితె వానికి సరిగ్గ రొమ్ముకే వస్తది."

నేను లోపలికి పోయి మొద్దు తెచ్చి ఆమె ముందట పెట్టిన.

"లోపలున్నయి లోపల్నే ఉండని. దాన్ని డబ్బ లెక్క తొలిచి మూత చేసియ్యి" అన్నది.

ఆ పని నేను చేసినంత భయంతోటి ఇంకేది చెయ్యలే. తూటాలు కదలకుంట గోడ మందంగ ఉంచి, లోపల సన్నగ తొలిచి, మూత తిప్పిన. ఉలి మచ్చల దగ్గరికి వచ్చినప్పుడల్ల చప్పుడు మారేది, ఎవలో పక్కగదిల గొంతు సవరిచ్చుకున్నట్టు. మోటరు ఆపి చూస్తె ఏముండది.

డబ్బ ధర్మపురిల గోదారి గంగల కలుపుతనంటె ఆమెను ఒక్కదాన్ని పంప బుద్ధి కాలే, నేను గూడ బస్సెక్కిన. పొద్దు నడినెత్తికి రాలేదు. మెట్ల మీద ఒక బాపనయ్య చాప పరిచి కూసున్నడు. కార్యం చేపిస్తమని చెప్పంగనే నీళ్లు పట్టుకోని, "పోయినాయన పేరు చెప్పమ్మా" అన్నడు.

ఆమె డబ్బను కొంగుల చుట్టుకున్నది.

"పేరు చెప్పందే కార్యం కాదమ్మా" అన్నడు ఆయన మెల్లగ.

ఆమె నీళ్ల దిక్కు చూసింది. నదిల నడుములోతు కాడ ఎవలో తలంటు పోసుకుంటున్నరు. ఎంటనే లేచింది. "పోదాం పా కొడుకా. పేరు చెప్తె సచ్చిపోయినట్టే గద" అన్నది. బస్సుల దారిపొడవునా డబ్బ ఒళ్లెనే ఉన్నది. జగిత్యాలల దిగి కోరుట్ల బస్సు ఎక్కేటప్పుడు నా దిక్కు మళ్లి చూడలే.

రెండేండ్లకు గాలికుంటు సూదులు వేసేటందుకు ఆమె ఊరికి పోయిన. ఇల్లు అడిగితె పక్కింటామె చూపెట్టింది.

"ఏడాది కిందనే సిరిసిల్లల చెల్లె ఇంటికి పోయింది సారూ. బీడీలు చేసుకుంట ఆడనే ఉంటున్నది. కట్టెడబ్బ ఒక్కటి పట్టుకోని పోయింది."

"కొడుకు సంగతి ఏమన్న తెల్సిందా?"

"ఏడ తెలుస్తది? తలుపుకు తాళం గూడ వెయ్యలే. వాడస్తె ఎట్ల మరి అన్నది."

తలుపు నిజంగనే దగ్గరకు వేసి ఉన్నది. సందులకెల్లి లోపలికి చూసిన. నేల అలికి ఉన్నది. చీపురు పుల్లల గీతలల్ల పేడనీళ్ల తడి ఇంక ఆరలే.

"ఎవలన్న వచ్చి ఊడుస్తరా?" అన్న.

"ఎవలస్తరు సారూ? ఆ ఇంట్లకు మేమెవలం పోం" అన్నదామె. తన వాకిలి తలుపు పెట్టుకోని లోపలికి పోయింది. ఎండ నెత్తిన మండుతుండె. నేను సూదుల డబ్బ సైకిల్‌కు తగిలిచ్చుకోని ఊరు దాటిందాక తొక్కిన.