కొమరయ్య వేసిన ఎండ

ఎల్బీ నగర్ నుంచి దిల్‌సుఖ్‌నగర్ దాకా ఒకప్పుడు కొమరయ్య చెయ్యి తగలని బోర్డు లేదు. కిరాణా కొట్టయినా, పళ్ల దవాఖానైనా అక్షరాలు ఆయనవే. ఫ్లెక్సీలొచ్చి ఆ బతుకులో మన్ను పోశాయి. అరవయ్యో ఏట, చక్రపాణి నడిపే డ్రాయింగ్ కోచింగ్ సెంటర్లో కుంచెలు కడిగే పనికి కుదిరాడు.

అక్కడే తీరిక దొరికినప్పుడల్లా కూర్చుని, ఆర్నెల్లపాటు తన ఊరి బొమ్మ వేశాడు. పెంకుటిళ్ల మీద ఎండ, మట్టిగోడల మీద ఎండ, గేదెల వీపుల మీద కూడా ఎండే. జన్మంతా ఊళ్లోవాళ్ల పేర్లు రాసిన మనిషి, మొదటిసారి బొమ్మ మూలన తన పేరు రాసుకుని మురిసిపోయాడు.

సెంటర్ వార్షికోత్సవం నాడు చూస్తే ఏముంది? బొమ్మ గోడకెక్కింది, పేరు మాయమైంది. దాని మీద రంగు పూసి, పైన చక్రపాణి తన పేరు రాసుకున్నాడు!

"నీ పేరుంటే ఎవడు చూస్తాడయ్యా? అయినా రంగులు నావేగా" అన్నాడా పెద్దమనిషి. వాడి నోరు పడిపోను! నా పేరు నాకు రావాలి, నలుగురిలో వీడి పరువు పోవాలి, అనుకున్నాడు కొమరయ్య.

అతిథిగా వచ్చిన రిటైర్డ్ టీచర్ విజయదుర్గ బొమ్మ ముందు ఆగిపోయింది. "అబ్బ, ఏం ఎండండీ మాస్టారూ! ఒంటికి తగులుతున్నట్టే ఉంది."

చక్రపాణి వినయంగా చేతులు జోడించాడు. అదిగో, అప్పుడు మండింది కొమరయ్యకు. టీ ట్రే పట్టుకుని ముందుకొచ్చాడు.

"సార్, నాకు జర సమజ్ కాలే. గిది పొద్దుగాల ఎండనా, పొద్దుగూకే ఎండనా?"

"సాయంత్రమేనయ్యా! గేదెలు ఇంటికొచ్చే వేళ."

విజయదుర్గ కళ్లజోడు సవరించుకుని వంగి చూసింది. "అదేంటండీ? ఈవిడ కళ్లాపి చల్లుతోంది, ఆయన వేపపుల్లతో పళ్లు తోముకుంటున్నాడు. మీ ఊళ్లో సాయంత్రం తోముకుంటారా?"

హాలంతా గొల్లుమంది. చక్రపాణి మొహంలో నెత్తురు చుక్క లేదు.

"ఇంతకీ ఇది వేసిందెవరు?" అందామె.

"నేనేనమ్మా. గది మా ఊరు. గా వాకిలి జల్లేది మా అమ్మ" అన్నాడు కొమరయ్య.

చక్రపాణి గబుక్కున కొమరయ్య చెవి దగ్గరికొచ్చాడు. "పరువు తియ్యకయ్యా. రేపు నీ పేరు రాయిస్తాలే."

"రేపెందుకు సార్? గిప్పుడే, గీ అందరి ముంగట రాయి. నీ చేత్తోనే రాయాలె."

కుంచె తెచ్చి చేతిలో పెట్టాడు. చక్రపాణి తన పేరు మీద తనే రంగు పూసుకుని, 'కొమరయ్య' అని రాశాడు. కొమరయ్య చేతులు కట్టుకుని, కన్ను చికిలించి ఒక్కో అక్షరం చూశాడు.

"చివరి అక్షరం వంకర పోయింది సార్. తుడిచి మళ్ల రాయి."