ఎత్తేవాళ్ళు లేని మూట

పోయిన సెప్టెంబర్ మొదట్లో, విల్లుతో మాత్రమే వేటకి అనుమతి ఉండే రోజుల్లో, నేనొక్కదాన్నే వాంకూవర్ ద్వీపానికి వెళ్ళొచ్చాను. వాంకూవర్ ఊరు వేరు, వాంకూవర్ ద్వీపం వేరు. నేనుండేది ఊళ్ళో. ద్వీపానికి సముద్రం మీద ఫెర్రీలో పోవాలి. ఈ ప్రయాణం అసలు సంచి వెతుక్కోవడంతో మొదలైంది కాబట్టి అక్కణ్ణించే చెబుతాను.

నాది నిజామాబాద్. ఇక్కడొక ఆసుపత్రి ల్యాబ్‌లో పని చేస్తాను. పెళ్ళి చేసుకోలేదు. అదే ల్యాబ్‌లో కాకినాడ నుంచి వచ్చిన లక్ష్మి ఉండేది. ఆవిడే ఒక శనివారం నన్ను లాక్కెళ్ళి ఆర్చరీ క్లబ్‌లో చేర్పించింది. ఇద్దరం కలిసి నేర్చుకున్నాం, కలిసే వేట పరీక్ష రాసి పాసయ్యాం, రెండు సీజన్లు కలిసి అడవికి వెళ్ళాం. రెండోసారి చిన్న జింక దొరికింది. సగం మాంసం ఆవిడ సంచిలో, సగం నా సంచిలో. ఒకరికొకరం మూట ఎత్తి పెట్టుకుని దారి పొడుగునా వాగుతూ దిగొచ్చాం. ఈ వేసవికి ముందు వాళ్ళాయనకి టొరంటోలో ఉద్యోగం వచ్చింది. స్కార్‌బరోలో అపార్ట్‌మెంట్ తీసుకుని వెళ్ళిపోయారు.

ఇద్దరు మోసినప్పుడు చిన్న సంచులు సరిపోయాయి. ఇప్పుడు మొత్తం ఒక్కదాన్నే మొయ్యాలి. అదీ ఒకే విడతలో. సగం మాంసం వదిలి మళ్ళీ వెళ్ళేసరికి ఎలుగుబంటి ముందే వచ్చి ఉంటుంది.

బర్నబీలోని వేట సామాన్ల షాపుకి వెళ్ళాను. మొదట పెద్ద ట్రెకింగ్ సంచి చూశాను. అందంగా ఉంది, తేలిగ్గా ఉంది. షాపు అమ్మాయి అందులో ఇసుక మూటలు వేసి నా వీపుకి తగిలించింది. నాలుగడుగులు వేసేసరికి బరువంతా అడుగుకి జారి నన్ను వెనక్కి లాగింది. పైగా చెయ్యి ఆడిస్తే గుడ్డ సర్రుసర్రుమంటోంది. విల్లు వేటలో జింకకి పాతిక గజాల దగ్గరికి పోవాలి. ఆ చప్పుడుకి అది నిలబడదు. రెండోది సంచి లేకుండా ఉత్త లోహపు చట్రం. బరువు బాగా మోసింది కానీ అడుగడుక్కీ కిర్రుమంది. మూడోది చట్రమూ సంచీ వేరువేరుగా ఉన్నది. మాంసాన్ని రెండింటి మధ్యా, వెన్నుకి ఆనేలా పెట్టి పట్టీలతో బిగిస్తారు. నడుము పట్టీ బిగిస్తే బరువు భుజాలు వదిలి తుంటి మీద కూర్చుంది. గుడ్డ మెత్తగా, చప్పుడు లేకుండా ఉంది. వీపు పొడుగు నాకు సరిపడా కిందికి దించుకునే వీలూ ఉంది.

"ఇది బాగుంది" అన్నాను.

"మీతో ఎవరొస్తున్నారు?" అంది ఆ అమ్మాయి.

"ఎవరూ లేరు."

"అయితే కింద పెట్టి, మీ అంతట మీరు వేసుకుని లేవండి. అది చూసుకోకుండా కొనకండి."

షాపు మధ్యలో నేల మీద చతికిలబడి, వీపు మూటకి ఆనించి, పట్టీలు బిగించి, పక్కకి దొర్లి మోకాళ్ళ మీదికి వచ్చి, బల్ల పట్టుకుని లేచాను. చుట్టూ ఉన్న మగవాళ్ళు చూడనట్టు నటించారు. ఆ సంచే కొన్నాను.

ఆగస్టంతా అందులో సోనా మసూరి బస్తాలు పెట్టుకుని మా బిల్డింగ్ మెట్లు ఎక్కి దిగాను. ఐదో అంతస్తు పెద్దాయన ఒకరోజు తలుపు తీసి, "లిఫ్ట్ పాడైందా?" అని అడిగాడు. లేదని చెప్తే చాలాసేపు నావైపే చూశాడు. ఆ నెలలో ల్యాబ్ బయట నాతో మాట్లాడింది ఆయనా, షాపు అమ్మాయీ తప్ప పెద్దగా ఎవరూ లేరు.

బయలుదేరిన రోజు పొద్దున ఆరున్నరకి డౌన్‌టౌన్‌లో బస్సెక్కితే ఏడుంపావుకల్లా హార్స్‌షూ బే రేవు. విల్లు పెట్టెకి తాళం వేసి లగేజీలో ఇచ్చేశాను. ఎనిమిది దాటాక ఫెర్రీ కదిలింది. పోయినేడు ఇదే కిటికీ దగ్గర లక్ష్మి పులిహోర డబ్బా తెరిచింది. ఈసారి కాఫీ, ఒక మఫిన్ కొనుక్కున్నాను. ఎదురు సీట్లో స్వెటర్ అల్లుకుంటున్న పెద్దావిడ నా సంచి చూసి, "ఎన్నాళ్ళ ప్రయాణం?" అంది. నాలుగు రోజులన్నాను. "నాలుగు రోజులకి ఇంత సంచా!" అని నవ్వి మళ్ళీ అల్లికలో పడింది. ఎందుకో చెప్పాలని నోటిదాకా వచ్చింది. ఆవిడ అడగలేదు.

పదింటికి ననైమో. అక్కణ్ణించి ఉత్తరానికి బస్సు. ఒకవైపు సముద్రం, ఇంకోవైపు చెట్లు నరికి మళ్ళీ నాటిన కొండలు. నేను దిగిన ఊరి పేరు చెప్పను, ఏ వేటగాడూ తన చోటు చెప్పడు. ఒకప్పుడు కలప మిల్లు ఉన్న చిన్న ఊరు అని మాత్రం అనుకోండి.

స్టాపులో గుర్మేల్ సింగ్ గారు తన పాత ట్రక్కుతో నిలబడి ఉన్నారు. ఆ మిల్లులో జీవితమంతా పని చేసి రిటైరయ్యారు. భార్య పోయాక ఇంట్లో రెండు గదులు ప్రయాణికులకి అద్దెకిస్తున్నారు. పోయినేడు లక్ష్మీ నేనూ దిగింది అక్కడే. ఆయన పంజాబీ హిందీ, నా నిజామాబాద్ హిందీ ఎలాగో కలుస్తాయి.

"రెండో బిడ్డ ఏది?" అన్నారు నన్ను చూడగానే.

"టొరంటో వెళ్ళిపోయింది, అంకుల్."

"అంత దూరమా" అని నా సంచి ట్రక్కులో పెట్టారు.

ఆయన మాంసం ముట్టరు. ఇంట్లోకి రానివ్వరు కూడా. వేటకొచ్చేవాళ్ళ కోసం షెడ్డులో వేరే ఫ్రిజ్ పెట్టారు. రాత్రి పరాఠా, ఆవకాయలాంటి ఘాటు పచ్చడి పెట్టారు. తింటుంటే, రేపు ఎటు వెళ్తున్నావ్, ఎప్పటికి వస్తావ్ అని అడిగారు. అడవికి ఒంటరిగా పోయేవాళ్ళు ఆ మాట ఎవరికైనా చెప్పి పోవాలి. వారం రోజులుగా ఎవరికి చెప్పాలో తోచక ఆ సంగతి పక్కన పెట్టేశాను. లక్ష్మికి మెసేజ్ పెడితే బొటనవేలు బొమ్మ వచ్చింది, అంతే. మ్యాప్ పరిచి ఆయనకి చూపించి, నాలుగింటికల్లా దిగుతానన్నాను. "నాలుగింటికి గేటు దగ్గరుంటా" అన్నారు.

మర్నాడు వెలుతురు రాకముందే కలప లారీల రోడ్డు గేటు దగ్గర దింపి వెళ్ళిపోయారు. అక్కణ్ణించి గంటన్నర ఎక్కుడు. చెట్లు నరికేసిన కొండవాలు అంచున, గాలి ముఖానికి తగిలేలా ఒక మొద్దు పక్కన కూర్చున్నాను. మంచు పల్చబడుతుంటే పొదల్లోంచి నల్లతోక జింక వచ్చింది. మగది, మంచి కొమ్ములు. చాలాసేపు మేసింది. అది తల తిప్పిన క్షణంలో వింటినారి లాగాను. బాణం వదిలాను.

అది ఒక్క గెంతు గెంతి పొదల్లోకి పోయింది. వెంటనే వెంబడించకూడదు. అరగంట కూర్చోవాలి. పోయినేడు ఆ అరగంట లక్ష్మి నా చెయ్యి పట్టుకుని కూర్చుంది. ఈసారి నా చేతులు నా మోకాళ్ళ మధ్య పెట్టుకుని కూర్చున్నాను. తర్వాత ఆకుల మీది నెత్తురు చుక్కలు చూసుకుంటూ వెళితే, ఎంతో దూరం పోలేదు, ఫెర్న్ మొక్కల్లో పడి ఉంది. కళ్ళు తెరిచే ఉన్నాయి. పక్కన కూర్చుని దాని మెడ నిమిరాను. ఇంకా వెచ్చగా ఉంది. కొంచెం ఏడ్చాను. ఎందుకని అడిగేవాళ్ళు లేరు కాబట్టి సర్దిచెప్పాల్సిన పనీ లేదు.

జింక దొరికిందని లెక్క కోసం లైసెన్సు మీద గుర్తు కోసి, పనిలో పడ్డాను. ఎండ ఎక్కితే మాంసం పాడవుతుంది. తోలు తీసి, కాళ్ళు విడదీసి, ఎముకల నుంచి మాంసం కోసి, గుడ్డ సంచుల్లో వేసి నీడలో వేలాడదీశాను. ఇద్దరం చేసినప్పుడు ఒకరు కాలు పట్టుకుంటే ఒకరం కోశాం. ఇప్పుడు కాలిని తాడుతో చెట్టుకి కట్టుకున్నాను. అన్నీ అయ్యేసరికి మధ్యాహ్నం ఒంటిగంట. చట్రానికీ సంచికీ మధ్య మూటలన్నీ పెట్టి బిగించాను. చతికిలబడి, పట్టీలు వేసుకుని, పక్కకి దొర్లాను.

షాపులో నేల చదునుగా ఉంది. ఇక్కడ వాలు. మోకాళ్ళ మీదికి రావాల్సినదాన్ని వాలువైపు దొర్లి వెల్లకిలా పడ్డాను. మూట కింద, నేను పైన. తల పల్లానికి, కాళ్ళు గాల్లో. లేవబోతే ఇంకాస్త జారాను. అప్పుడే పైనెక్కడో కొమ్మ విరిగిన చప్పుడు, ఆ వెంటనే బుస్సుమని ఊపిరి వదిలిన చప్పుడు వినిపించాయి.

"లక్ష్మీ!" అని అరిచాను.

అరవాలని అరవలేదు. దానంతటదే వచ్చింది. కొండలో ఆ పేరు ఒకసారి తిరిగి ఆగిపోయింది. ఎలుగు భయం కంటే ఆ నిశ్శబ్దమే ఎక్కువ భయపెట్టింది. ఈ కొండ మీద నన్ను చూసే మనిషి లేడు, లేపే మనిషి లేడు. ఇలా పడి ఉన్నానని తెలిసిన మనిషి ప్రపంచంలో ఒక్కరూ లేరు.

చేతులు మాత్రం వాటి పని అవి చేశాయి. నడుము క్లిప్పు తీశాను, ఛాతీ క్లిప్పు తీశాను, భుజాలు జార్చి బయటపడ్డాను. నిలబడి చూస్తే వాలు పైన ఒక నల్ల ఎలుగు ముక్కెత్తి వాసన చూస్తోంది. పెప్పర్ స్ప్రే చేతిలోకి తీసుకుని గట్టిగా తెలుగులోనే మాట్లాడాను. "పో! నీ వాటా అక్కడుంది, తోలూ ఎముకలూ అన్నీ నీకే. నేను పోతున్నా, కొంచెం ఆగు." అది వింతగా చూసి రెండడుగులు వెనక్కి వేసింది, వెళ్ళలేదు.

దాని మీంచి కళ్ళు తిప్పకుండా మూటని ఈడ్చుకుంటూ కిందికి దిగాను. వందేళ్ళ కిందట నరికిన పెద్ద దేవదారు మొద్దు ఒకటి నడుమెత్తున కనబడింది. దొర్లించి, తోసి, మోకాలు పెట్టి మూటని ముందు ఒక పడిపోయిన దుంగ మీదికి, అక్కణ్ణించి ఆ మొద్దు మీదికి ఎక్కించాను. చేతుల చర్మం లేచిపోయింది. తర్వాత వెనక్కి తిరిగి నిలబడి, పట్టీల్లో చేతులు దూర్చి, నడుము బిగించి ఒక అడుగు ముందుకు వేశాను. బరువు నా మీదికి వచ్చింది. కాళ్ళు నిలిచాయి.

దిగడం చాలాసేపు పట్టింది. బరువు నిజంగానే తుంటి మీదే ఉంది, భుజాలు ఒరుసుకోలేదు. కానీ మోకాళ్ళు ప్రతి అడుక్కీ గోల పెట్టాయి. నాలుగు దాటింది. ఐదు కూడా దాటింది. అప్పుడు కింద లోయలోంచి ట్రక్కు హారన్ వినిపించింది. ఆగింది. కాసేపటికి మళ్ళీ మోగింది. దారి నాకు తెలుసు, ఆ హారన్ అవసరం లేదు. అయినా అది ఆగినప్పుడల్లా నేనూ ఆగి, మళ్ళీ మోగాకే నడిచాను.

గుర్మేల్ సింగ్ గారు గేటు దాటి కర్ర పట్టుకుని చాలా దూరం పైకి వచ్చేశారు. హారన్ కొట్టడం, కొంచెం నడవడం, మళ్ళీ వెనక్కెళ్ళి కొట్టడం. ఆ వయసులో అలా ఎన్నిసార్లు తిరిగారో. నన్ను చూసి ముందు తిట్టారు. "నాలుగన్నావ్! నాలుగంటే నాలుగే కదా! ఇంకాసేపు చూసి పోలీసులకి ఫోన్ చేద్దామనుకున్నా." తర్వాత నా వెనక్కి వచ్చి మూట కింద చేతులు పెట్టారు. గుడ్డ సంచుల్లోంచి నెత్తురు తడి పైకి వచ్చి ఉంది.

"వద్దు అంకుల్, మాంసం" అన్నాను.

"తెలుసు. క్లిప్పు తియ్" అన్నారు.

ఇంటికెళ్ళాక ఆయన తలస్నానం చేసి వచ్చి, ఏమీ జరగనట్టు రొట్టెలు చేశారు.

మూడోరోజంతా మాంసం షెడ్డు ఫ్రిజ్‌లోనే చల్లబరిచి, నాలుగోరోజు పొద్దున ఐస్‌పెట్టెలో సర్దుకుని బస్సెక్కాను. ననైమోలో మధ్యాహ్నం ఫెర్రీ దొరికింది. సిగ్నల్ బాగుందని లక్ష్మికి ఫోన్ చేశాను. వాళ్ళబ్బాయి ఎత్తి, "మామ్, ఇట్స్ ఫర్ యూ" అని కేకేశాడు.

"ఏవే, ఎలా జరిగింది? దొరికిందా?" అంది లక్ష్మి. వెనకాల కుక్కర్ కూత.

మొత్తం చెప్పాను. ఎలుగు గురించీ, మొద్దు గురించీ. తన పేరు పెట్టి అరిచిన సంగతి ఒక్కటి మాత్రం చెప్పలేదు. విని, "నువ్వు భలేదానివే" అంది. తర్వాత, "నేను విల్లు అమ్మేశానే. ఇక్కడ పెట్టుకునే చోటు లేదు. ఇక్కడి నుంచి అడవికి వెళ్ళేదెప్పుడు, పిల్లల క్లాసులే సరిపోతున్నాయి. నీకు చెబుదామనే అనుకుంటున్నా, ఎలా చెప్పాలో తెలీక..." అంది.

"మంచిదే. ఊరికే దుమ్ము పట్టేకంటే" అన్నాను.

"కోపమా?"

"లేదే."

నిజంగానే కోపం లేదు. వచ్చే ఏడాదికి ఆవిడ ఏదో ఒకలా వస్తుందని లోపల ఎక్కడో అనుకుంటూ ఉన్నానని మాత్రం అప్పుడే తెలిసింది. వంట మాడుతోందని ఆవిడ పెట్టేసింది. నేను డెక్ మీదికి వెళ్ళి చలిగాలిలో నిలబడ్డాను. పక్కనే ఒక కుటుంబం తిమింగలం కోసం నీళ్ళల్లోకి చూస్తోంది. నేనూ వాళ్ళతోపాటు చూశాను. ఏమీ కనబడలేదు.

హార్స్‌షూ బేలో దిగి, సిటీ బస్సులో సంచి కాళ్ళ మధ్య పెట్టుకుని కూర్చుని ఇది రాయడం మొదలుపెట్టాను. ఈ దారిన వెళ్ళాలనుకునేవాళ్ళకి నేను చెప్పగలిగేది ఇంతే. చప్పుడు చెయ్యని గుడ్డ చూసుకోండి. బరువు తుంటి మీద కూర్చునేది కొనండి. చదును నేల మీద కాదు, వాలు మీద లేచి చూసుకోండి. ఎప్పుడొస్తారో ఒక మనిషికి చెప్పి వెళ్ళండి, ఆ మనిషి కోసం ముందే వెతుక్కోండి. తోడు దొరికితే ఇద్దరుగా వెళ్ళండి, అది చాలా బాగుంటుంది. దొరకకపోయినా వెళ్ళండి.