సగంలో ఆగిన మాట

సూదిమందు ఉండే గాజు ఆంపూల్ మెడ విరిచినప్పుడు వచ్చే 'టక్' శబ్దం వింటే నాకు ఇప్పటికీ యాదగిరి సారే గుర్తొస్తారు. ఈ ఉదయం కూడా అంతే. పాలలా తెల్లని మందు సిరంజిలోకి ఎక్కుతోంది. ఆపరేషన్ బల్ల మీది నారాయణపేట నేతగత్తె నా చెయ్యి వదలడం లేదు. "ఏ రంగు చీరకు ఏ అంచు పెడతవమ్మా?" అని అడిగాను. "మిరపపండు రంగుకైతే..." అంటూండగానే ఆమె రెప్పలు వాలాయి. ఇది సారు నేర్పిన పద్ధతి.

మహబూబ్‌నగర్‌లో మా ప్రైవేటు దవాఖానకు ఆయన మత్తు డాక్టరు, నేను ఆపరేషన్ థియేటర్ నర్సును. ప్రతి రోగినీ సొంత పని గురించి ఏదో అడిగి, మాట సగంలో ఉండగా మందు ఎక్కించేవారు. లేవగానే మిగతా సగం అడిగేవారు. ఇదంతా నాటకమని ఆయన ముఖం మీదే అన్నాను. "మనిషి పూరాగ వాపసు వచ్చిండో లేదో ఇంకెట్ల తెలుస్తదమ్మా?" అన్నారు.

నేను చేరిన కొత్తలో ఆత్మకూర్ దిక్కు నుంచి భుజం జారిన గొర్ల కాపరి వచ్చాడు. తన గొర్రెను మందలో ఎలా గుర్తుపడతాడని అడుగుతూ సారు కెటమిన్ అనే మత్తుమందు ఇచ్చారు. మందు ఎక్కింది గానీ కళ్ళు తెరిచే ఉన్నాయి. "సార్, ఈయన మేలుకనే ఉన్నడు" అని గోల పెట్టాను.

"లేదమ్మా. మెదడుల అదుపు జేసే కణాలుంటయి. గీ మందు ముందుగాల వాటి నోరు మూస్తది. కాపరి లేని మంద తీరు మిగిలినయి ఉరుకుతయి. మెదడు గడబిడగనే ఉంటది, భుజం నొప్పి మాత్రం దానికి అందదు."

"మరి రోజూ ఇచ్చే పాలసొంటి తెల్ల మందు?"

"అది ఉల్టా. అదుపు జేసేటియే బలం పుంజుకుంటయి. అన్ని నెమ్మదిస్తయి, ఒకదాని మాట ఒకదానికి చేరదు."

కాపరి లేచి, గొర్రెలు ఆకాశంలో మేస్తున్నాయని కాసేపు చెప్పి, ఆ తర్వాతే చెవి చూసి గుర్తుపడతానని అసలు జవాబు ముగించాడు.

మా ఇద్దరికీ తెగని కొట్లాట ఒకటుండేది. రోగులతో ఆయన "నిద్ర పట్టిస్త" అనేవారు. తట్టితే లేవనిది నిద్రెట్లా అవుతుందని నా వాదన.

ఒక ఏడు నా మెడలోనే గడ్డ తేలింది. గొంతును ఆడించే నరం దాని పక్కనుంచే పోతుందని సర్జన్ చెప్పాడు. గొంతు పోతే నాలో మిగిలేదేముంది? వీలుకాదని తెలిసి కూడా, ఆపరేషన్ బల్ల మీద పడుకుని, "నడుముకు సూది ఇయ్యున్రి సార్, నా మెదడు జోలికి రాకున్రి" అన్నాను.

"నడుము సూది కాళ్ల దిక్కు నరాలను ఆపుతది. గడ్డ మెడల పెట్టుకొని గదేం బేరమమ్మా? ఫికర్ జెయ్యకు, నిద్ర పట్టిస్త."

"నిద్ర అంటే ఊకోను సార్. మీరు చేసేది..."

అంతవరకే తెలుసు. తర్వాత ఎక్కడి నుంచో వినబడింది: "నేను జేసేది ఏందమ్మా?"

"తాళం వేసుడు. మళ్ల తీసిన్రు గనక బతికిపోయిన్రు."

బొంగురుగా ఉంది, కానీ నా గొంతే. సారు కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ, "కొట్లాట ఎక్కడికీ పోలే" అన్నారు. అంతసేపు ఆయన కూడా భయపడ్డారని అప్పుడు తెలిసింది.

సారు రిటైరై షాద్‌నగర్‌లో ఉంటున్నారు. నేను మాత్రం రోగులకు నిద్ర అని చెప్పను. తాళం వేస్తాం, తీస్తాం అంటాను. మధ్యాహ్నం నేతగత్తె రెప్పలు కదిలాయి. "మిరపపండు రంగుకు ఏ అంచమ్మా?" అని అడిగాను.

"ఆకుపచ్చ." నన్ను ఎగాదిగా చూసింది. "ఊకనే అడుగుతున్నవా, కొంటవా?"

పూరాగ వాపసు వచ్చింది.