బాలప్ప పెట్టిన వంక

హిందూపురం చింతపండు మార్కెట్లో దళారి బాలప్పకు వంక కనబడని సరుకు ఈ భూమ్మీద పుట్టలేదు. బుట్టలో చెయ్యి పెట్టి, ఒక పండు విరిచి వాసన చూసి, "తేమ ఉండాదప్పా" అన్నాడంటే చాలు, రైతు మొహం మాడిపోయేది, ధర దిగేది. ఆ నోటి మహిమ తెలిసిన చుట్టాలూ పక్కాలూ ఎద్దు కొనాలన్నా, మోటారు కొనాలన్నా ఆయన్నే వెంట తీసుకుపోయేవాళ్లు. భార్య నీలావతి మాత్రం, "వంకలేనమ్మ డొంక పట్టుకొని ఏడ్చిందంట. నీకు ఆ డొంక గూడా అక్కర్లేదు" అనేది. ఆ మహానుభావుడు దాన్ని బిరుదు కింద జమకట్టుకుని మీసం దువ్వుకునేవాడు.

రెండువేల మూడులో నీలావతి తమ్ముడు వేణు పెనుకొండలో ఒక ఇల్లు చూసుకున్నాడు. అక్కడే బడిపంతులు. అద్దె ఇల్లు నెలలోపు ఖాళీ చెయ్యాలి. రెండు గదులు, వంటిల్లు, వాకిట్లో నీళ్ల సంపు ఉన్న ఆ ఇంటికి నాగరత్నమ్మ అనే ఆమె మూడు లక్షలు చెబుతోంది. వేణు దగ్గర రెండున్నరకు మించి లేదు.

"నువ్వు నోరు మూసుకొని కూర్చో. మిగతాది నాకొదిలెయ్" అన్నాడు బాలప్ప, ప్యాసింజరు బండి దిగుతూనే.

నాగరత్నమ్మకు యాభై దాటి ఉంటాయి. భర్త పోయాడు. ధర్మవరంలో మంచాన పడిన అత్తను చూసుకునే దిక్కులేక, ఇల్లు అమ్మేసి అక్కడికి పోతోంది. వచ్చిన ఇద్దరికీ మజ్జిగ ఇచ్చింది. బాలప్ప ఆ మజ్జిగ తాగి మరీ మొదలుపెట్టాడు. గోడకు చెమ్మ అన్నాడు. దూలానికి చెదలన్నాడు. సందు ఇరుకు, రేపు పాడె కూడా తిరగదన్నాడు. ఆమె దేనికీ చలించలేదు. "మూడుకు తగ్గదప్పా" అంది.

అప్పుడు తీశాడు ఆఖరి అస్త్రం. బస్టాండులో కొన్న వాస్తు పుస్తకంలో ఒక్క పేజీ చదివి నేర్చుకున్న మాట అది. అంతకుముందు నాలుగిళ్లలో వాడితే నాలుగిళ్లలోనూ పనిచేసింది.

"అది గాదక్కా, సంపు ఆగ్నేయంలో ఉండాది. నిప్పు మూలలో నీళ్లు. ఇట్లాంటి ఇంట్లో బిడ్డలు నిలవరు."

ఖాళీ గ్లాసులు తీయబోయిన నాగరత్నమ్మ చెయ్యి ఆగిపోయింది. అలాగే కింద కూర్చుండిపోయింది.

"నా కూతురు ఝాన్సీ ఈ ఇంట్లోనే పోయింది" అంది. "ఏడేండ్ల పిల్ల. జరమొచ్చింది. రేపు అనంతపురం పోదాంలే అని ఒక దినం ఆగినా. తెల్లారేసరికి బిడ్డ లేదు. పదకొండేండ్ల నుంచి మా అత్తది ఒకటే మాట, నువ్వు ఆగినందుకే పాప పోయిందని. నా మొగుడు పైకి అనకపోయినా ఆ మాట మనసులో పెట్టుకొనే పాయ." బాలప్ప వైపు తల ఎత్తి చూసింది. "అయితే నేను ఆగినందుకు గాదన్నమాట. ఇల్లే అంత."

వేణు తలొంచుకున్నాడు.

"రెండు లక్షలియ్యండి చాలు" అంది ఆమె.

జీవితంలో ఏ బేరమూ అంత తొందరగా, అంత కిందికి దిగలేదు. దిగినందుకు భయం వేయడం బాలప్పకు అదే మొదటిసారి. తన మీద తనకే అసహ్యం వేసింది.

"అక్కా, నరంలేని నాలుక నాది. బేరం కోసం అన్నా. ఆగ్నేయం యాడుంటాదో గూడా నాకు తెలీదు. ఇల్లు బంగారం. నువ్వడిగిన మూడూ ఇస్తాం. తక్కువపడేది నేనేస్తా."

బావ చేతి నుంచి యాభై వేలు! వేణు నోరు తెరిచాడు.

నాగరత్నమ్మ తల అడ్డంగా ఊపింది. "మంచి ఇంటికి గదప్పా మూడు. మూడుకు అమ్మితే ఇల్లు మంచిదనే గదా? అప్పుడు తప్పు మళ్లా నాదే."

బాలప్ప రెండున్నర అన్నాడు. ఆమె రెండే అంది. రెండుంబావు అని బతిమాలాడు. కొనేవాడు పైకి, అమ్మేది కిందికి లాగుతున్న ఆ బేరంలో చివరికి ఓడింది బాలప్పే.

"ఇందాక అన్నావే, ఆ మాట ఇంకొకసారి అను నాయనా" అంది ఆమె.

ఎన్ని వందల వంకలు పెట్టిన నోరు. ఆ ఒక్క మాటకు తడబడింది. సంపు వైపు చూస్తూ, "తప్పు ఇంటిదేనక్కా" అన్నాడు. ఆ తర్వాత ఎవరు బేరానికి పిలిచినా బాలప్ప పోలేదు. నీలావతి కూడా మళ్లీ డొంక మాట ఎత్తలేదు.

రిజిస్ట్రేషన్ రోజున రైటరు కాగితం చదువుతుంటే నాగరత్నమ్మ రేటు దగ్గర ఆపి, మళ్లీ చదివించుకుంది. సంతకాలయ్యాక బాలప్ప దగ్గరికొచ్చింది.

"దీనికి జెరాక్సు ఒకటి తీసియ్యప్పా."

"నీకెందుకక్కా?"

"మా అత్తకు చూపియ్యాల. ఇల్లు ఎంత తక్కువకు పోయిందో."

బాలప్ప పోయి ఆ జెరాక్సు తెచ్చిచ్చాడు. ఆమె దాన్ని నాలుగు మడతలు పెట్టి, కొంగున ముడేసుకుని ధర్మవరం బస్సెక్కింది.