నీలం చూస్తే చప్పట్లు

కంకిపాడు దగ్గర మట్టి పరీక్ష ల్యాబులో ఒక మేడం గారుండేవారు. పరీక్షనాళికలో మట్టినీళ్ళు నీలంగా మారితే చాలు, చిన్నపిల్లలా చప్పట్లు కొట్టేవారు. నీలం ఎంత ముదిరితే మట్టిలో భాస్వరం అంత ఎక్కువట.

రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో మావగారూ నేనూ మా పొలం మట్టి పట్టుకెళ్ళాం. నాళికలో నీళ్ళు సిరాలా అయిపోయాయి.

"బాబాయిగారూ, చూశారా ఎంత నీలమో! ఏళ్ళ తరబడి మీరేసిన డీఏపీ ఎరువులోని భాస్వరం మట్టిలోనే పేరుకుపోయిందండీ. ఈసారి మానేసి యూరియా ఒక్కటే వెయ్యండి. కోసిన వరిగడ్డి తగలబెట్టకుండా, నాట్లకి ముందు దమ్ము చేసేటప్పుడు బురదలో తొక్కించండి. అది కుళ్ళితే ఆ భాస్వరం వేళ్ళకి అందుతుంది" అన్నారు మేడం.

మావగారి మొహం పాలిపోయింది. "డీఏపీ లేకుండా వరి పండుద్దా? పంట పోతే ఏం తినాలమ్మా?"

"సగం చేలోనే చెయ్యండి. పోతే నన్ను తిట్టండి."

ఆయన భయపడుతూనే ఒప్పుకున్నారు. ఆ నాలుగు నెలలూ సరిగ్గా నిద్రపోలేదు.

కోతలప్పుడు మేడం వచ్చారు. రెండు సగాలూ ఒకేలా పండాయి. మావగారు గట్టు మీద నిలబడి అటూ ఇటూ చూసి, "అయితే ఇన్నేళ్ళూ కడుపు నిండినదానికే కొసరి కొసరి వడ్డించానన్నమాట!" అన్నారు.

మేడం పగలబడి నవ్వుతూ కాలు జారి గట్టు పక్కన నీళ్ళు పారే పంటబోదెలో పడ్డారు. లేపబోయి మావగారూ పడ్డారు. ఇద్దరూ బురదలో కూర్చుని ఇంకా నవ్వుతూనే ఉన్నారు. చెప్పులు విడిచి, చీర ఎగదోపి, నేనూ దూకేశాను.