నిచ్చెన చేయని తప్పులు

మా నిచ్చెనకు ఉన్నది ఒకే ఒక్క జబ్బు. అబద్ధాలు చెబుతుంది. గొప్పల కోసం అబద్ధాలాడేవాళ్లు వీధికి పదిమంది దొరుకుతారు. తన పరువు తనే తీసుకోవడానికి పనిగట్టుకుని అబద్ధాలాడే మనిషిని మాత్రం నేను ఈమె ఒక్కదాన్నే చూశాను.

నిచ్చెన అసలు పేరు కాదు. చదువుకునే రోజుల్లో మేమిద్దరం ఒకే కాలేజీ వాలీబాల్ జట్టు. నేను నెట్ దగ్గర బంతి లేపి ఇస్తే, ఆమె ఎగిరి అవతలివాళ్ల నేల అదిరేలా కొట్టేది. ఆ పొడుగు చూసి జట్టంతా నిచ్చెన అన్నాం. ఆమె నన్ను పొట్టీ అంది. తర్వాత ఆమె దేశం జట్టులోకి వెళ్లి పత్రికల మొదటి పేజీకెక్కింది. నేను అదే కాలేజీలో లైబ్రేరియన్‌గా చేరి, పుస్తకాలకు అట్టలు వేయించుకుంటూ ఉండిపోయాను. ఏళ్ల తర్వాత మోకాలు ఇక ఎగరనని మొండికేస్తే నిచ్చెన ఆట మానేసింది. నిరుడు అమ్మాయిల జట్టుకు కోచ్‌గా మా కాలేజీకే తిరిగి వచ్చింది.

స్వాగత సభలో ప్రిన్సిపాల్ గారు ఆమె పతకాలన్నీ ఏకరువు పెట్టి, "ఇప్పుడు మేడమ్ గారు తమ విజయ రహస్యం చెబుతారు" అన్నారు.

నిచ్చెన మైకు దగ్గరకు నడుం వంచింది. "రహస్యం ఏమీ లేదండి. మొదటి పతకం తీసుకోవడానికి వేదిక ఎక్కుతూ బోర్లా పడ్డాను. ఊరికే పడ్డానా, పతకం వెయ్యడానికొచ్చిన పెద్దాయన కాళ్లు పట్టుకుని ఆయన్ని కూడా పడేశాను."

హాలు గొల్లుమంది. ప్రిన్సిపాల్ గారి చిరునవ్వు ఎటూ పోలేక ముఖం మీదే ఉండిపోయింది.

"ఎప్పుడు పడ్డావే?" అని సభ అయ్యాక నిలదీశాను.

"నువ్వు అక్కడ లేవుగా, నీకేం తెలుసు?"

"టీవీలో చూశాను. నువ్వు పడలేదు. నీ మెడ అందక ఆ పెద్దాయనే మునివేళ్ల మీద నిలబడ్డాడు."

"అది ఇంకో పతకంలే."

ఇక ప్రాక్టీసు మొదలయ్యాక చూడాలి. మా లైబ్రరీ కిటికీ సరిగ్గా కోర్టు వైపే ఉంటుంది. రోజూ సాయంత్రం ఆమె చెప్పేవన్నీ నా చెవిన పడేవి. నాకా, తప్పు చదివితే అచ్చు పుస్తకాన్నే దిద్దే అలవాటు. ఊరుకోగలనా?

"నేనొకసారి అవతలి జట్టు జెర్సీ వేసుకుని సగం మ్యాచ్ వాళ్లకే ఆడాను" అని అమ్మాయిలకు చెబుతోంది ఒకరోజు.

"అబద్ధం" అన్నాను కిటికీలోంచి. "నీ కొలతకు మన జెర్సీయే దొరికేది కాదు. వాళ్లది ఎక్కడ పట్టింది?"

"నువ్వు పుస్తకాలు చూసుకోవే పొట్టీ."

మరోరోజు తను నెట్‌లో చిక్కుకుపోతే కత్తెరతో కోసి బయటికి తీశారంది.

"ఏ ఊళ్లో?" అన్నాను.

"ఊరు గుర్తులేదు. కత్తెర గుర్తుంది."

ఆమె భర్తతో మొరపెట్టుకుందామని ఒకరోజు దుకాణానికి వెళ్లాను. ఆయన దర్జీ. మిషను ఆపి, మెడలోని టేపు తీసి పక్కన పెట్టి మరీ వాపోయాడు.

"ఇంట్లోనూ ఇదే గోల చెల్లెమ్మా. మొన్న ఒకాయన కోటుకు కుడిచెయ్యి ఎడమవైపు, ఎడమచెయ్యి కుడివైపు కుట్టి కూర్చున్నాను. పరధ్యానం. 'దానికేముంది, నేనొకసారి ప్యాంటుకు మూడు కాళ్లు కుట్టాను' అంటుంది. ఆవిడ జన్మలో సూదిలో దారం ఎక్కించి ఎరగదు."

"మరి మీరేమన్నారన్నయ్యా?"

"ఏమంటాను? నవ్వొచ్చింది. కోటు విప్పి మళ్లీ కుట్టుకున్నాను."

ఈ అబద్ధాల ఫలితం ఏమిటంటే, ఆర్నెల్లు తిరగకుండానే కాలేజీలో ఆమె మీద అనుమానం పుట్టింది. "లైబ్రరీ మేడమ్, ఈవిడ నిజంగా దేశానికి ఆడారా, జట్టుకు నీళ్ల సీసాలు మోశారా?" అని ఒక అమ్మాయి అడగనే అడిగింది. ప్రిన్సిపాల్ గారు కూడా నన్ను గదిలోకి పిలిచి తలుపు దగ్గరగా వేసి, "మనం సరైన మనిషినే పిలిచామంటారా?" అన్నారు. ఇద్దరికీ నిజం చెప్పి చెప్పి నా నోరు నొప్పి పుట్టింది. ఆమె పరువు ఆమె తీస్తుంటే దాన్ని మోసుకు తిరిగే కూలి నేనయ్యాను.

ఆ జట్టులో ఎడమచేతి వాటం పిల్ల ఒకతె ఉంది. లారీ డ్రైవరు కూతురు. ఎడమచెయ్యి అనే పిలిచేవాళ్లు. నిచ్చెన తర్వాత అంత బలమైన దెబ్బ నేను చూసింది ఆ పిల్లదే. మాట తక్కువ, రోషం ఎక్కువ. ఎవరైనా పల్లెత్తు మాటంటే రెండు రోజులు అన్నం మానేసే రకం.

కాలేజీల పోటీల్లో మా జట్టు సెమీఫైనల్ దాకా వెళ్లింది. అమ్మాయిలకు తోడుగా నన్నూ పంపారు. ఆఖరి సెట్, రెండు జట్లూ పద్నాలుగు దగ్గర సమానం. సర్వీస్ మాకొచ్చింది. వాలీబాల్‌లో ఎవరికి తోచినట్టు వాళ్లు సర్వీస్ చెయ్యడానికి లేదు, వరస ఉంటుంది. ఆ వంతు మా కెప్టెన్‌ది. కానీ ఎడమచెయ్యి ఆ ఉద్రేకంలో తన వంతే అనుకుని బంతి లాక్కుని పరుగెత్తింది. ఎవరూ తేరుకునేలోపు కొట్టింది. అలాంటి సర్వీస్ ఆ రోజు ఎవరూ చెయ్యలేదు. అవతల ఒక్కరి చెయ్యీ తగలకుండా బంతి నేలను తాకింది.

మావాళ్లు కౌగలించుకుని గంతులేస్తుంటే రిఫరీ చెయ్యి ఎత్తాడు. వరస తప్పింది గనక పాయింటు అవతలివాళ్లకు. మరుసటి బంతితో మ్యాచ్ కూడా వాళ్లకే పోయింది.

బట్టలు మార్చుకునే గదిలో ఎవరూ ఆ పిల్లను తిట్టలేదు. తిట్టినా బాగుండేది. అందరూ తమ తమ బూట్ల వైపు చూస్తూ కూర్చున్నారు. ఎడమచెయ్యి తన బూట్లు విప్పి, లేసులు రెండూ కలిపి ముడేసి, తెచ్చి కోచ్ ముందు పెట్టింది.

"నేను మానేస్తున్నాను మేడమ్. ఇవి కాలేజీ బూట్లు."

నిచ్చెన బూట్లు ముట్టుకోలేదు. "నేనూ ఒకసారి వరస తప్పాను" అంది.

"వద్దు మేడమ్." పిల్ల బూట్లను ఇంకాస్త ముందుకు తోసింది. "మీరు అన్నీ ఇలాగే చెబుతారు. అన్నీ అబద్ధాలేనని లైబ్రరీ మేడమ్ రోజూ అంటూనే ఉంటారు." నా వైపు తిరిగింది. "మీరు అబద్ధం చెప్పరు. మేడమ్, మీరు చెప్పండి. మా మేడమ్ ఎప్పుడైనా వరస తప్పారా?"

గదిలో అందరూ నన్నే చూశారు. నిచ్చెన మాత్రం చూడలేదు, తన మోకాలు నిమురుకుంటోంది.

నిచ్చెన జన్మలో వరస తప్పలేదు. మేం తప్పబోతే వీపు వెనక వేలు చూపించి మమ్మల్ని దిద్దేది. ఆ మాట నా నాలుక చివరి దాకా వచ్చింది. అప్పుడు గుర్తొచ్చాయి నాకు. స్వాగత సభలో ఆమెకు పూలగుత్తి తెచ్చిన పిల్ల మెట్ల మీద బోర్లా పడింది. జెర్సీ కథ చెప్పిన రోజు కెప్టెన్ జెర్సీ తిరగేసి వేసుకొచ్చి నవ్వులపాలైంది. కత్తెర రోజు ఒకమ్మాయి నెట్‌లో కాలు ఇరుక్కుని ఏడ్చింది. ఆమె చెప్పిన ప్రతి అబద్ధం ఎవరో ఒకరు తలెత్తుకోలేక నిలబడ్డప్పుడు చెప్పిందే. ఆమె పక్కన ఇన్నేళ్లు ఆడాను, ఇన్ని పుస్తకాల మధ్య కూర్చున్నాను, ఈ ముక్క నా బుర్రకెక్కలేదు. ఈ మనిషిని ఎంత ప్రేమించాలో అంత ప్రేమించలేదు కదా అనిపించింది.

"తప్పింది" అన్నాను. "దేశం తరఫున, ఫైనల్లో."

నిచ్చెన తలెత్తింది.

"వరస తప్పడమే కాదు, రిఫరీతో అరగంట పోట్లాడింది. తాను వంతు ప్రకారమే చేశానని ఒకటే వాదన. ఆఖరికి తేలిందేమిటంటే, ఆవిడ వెళ్లి సర్వీస్ చేసింది పక్క కోర్టులో. అక్కడ అబ్బాయిల మ్యాచ్ జరుగుతోంది."

ముందు కెప్టెన్ నవ్వింది. తర్వాత ఒక్కొక్కరూ అందుకున్నారు. ఎడమచెయ్యి పెదవులు బిగబట్టి చూసింది కానీ లాభం లేకపోయింది.

"పొట్టీ, మరీ అంత జరగలేదు" అంది నిచ్చెన, జీవితంలో మొదటిసారి తన పరువును వెనకేసుకొస్తూ.

"మరి తర్వాత ఏం చేశారు మేడమ్?" అని అడిగింది ఎడమచెయ్యి.

నిచ్చెన బూట్లను పిల్ల వైపు జరిపింది. "ఏం చేస్తాను? మర్నాడు పొద్దున ప్రాక్టీసుకు వెళ్లాను."

పిల్ల వంగి బూట్లు తీసుకుంది. ముడి గట్టిగా పడింది, విప్పడానికి కెప్టెన్ పళ్లతో సాయం చెయ్యాల్సొచ్చింది.

తిరిగి వచ్చేటప్పుడు బస్సులో నిచ్చెన నా పక్కన కూర్చుంది. "పక్క కోర్టు సంగతి బాగుందే. నాకు ఇన్నాళ్లూ తట్టనే లేదు" అంది, కాస్త అసూయగా.

ఇప్పుడు జట్టులో కొత్తగా చేరి తప్పు చేసిన ప్రతి అమ్మాయికీ ఆ కథే చెబుతోంది. కిటికీలోంచి అబద్ధమని అనడం నేను మానేశాను. కానీ అలవాటు ఎక్కడికి పోతుంది? రిఫరీతో అరగంట పోట్లాడానని ఆమె అన్నప్పుడు మాత్రం తల బయటపెట్టి దిద్దుతాను.

"అరగంట కాదు, గంట."